కేకే లైన్‌లో వంతెన పనులు: బండి వేళ మారితే డుంబ్రిగుడ ప్రయాణికులు ఏం చూసుకోవాలి

డుంబ్రిగుడ మండల కేంద్రంలో రైల్వే స్టేషన్ లేదు. విశాఖపట్నం పోవాలన్నా, ఇటు పాడువా, కోరాపుట్ వైపు చుట్టాలింటికి పోవాలన్నా ముందు ఆటోలోనో జీపులోనో అరకు చేరుకోవాలి. అక్కడ కిరండూల్ ప్యాసింజర్ పట్టుకోవాలి. కొత్తవలస–కిరండూల్ మార్గం, అంటే అందరూ పిలుచుకునే కేకే లైన్, సరుకు బండ్లతో రాత్రీపగలూ నిండుగా ఉంటుంది. ప్రయాణికుల బండ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకే "వంతెన పనుల దృష్ట్యా ఫలానా తేదీల్లో రైలు రద్దు" అనే రెండు లైన్ల ప్రకటన విశాఖలో ఉన్నవాళ్లకు చిన్న వార్తే కావచ్చు, కొండ మీద ఉన్నవాళ్లకు కాదు. కేజీహెచ్‌లో చూపించుకోవాల్సిన రోగి, పరీక్ష రాయాల్సిన పిల్లవాడు, సంత సరుకు దించుకోవాల్సిన చిన్న వ్యాపారి, ముగ్గురి రోజూ ఆ రెండు లైన్ల మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ ప్రకటనలు ఎందుకు వస్తాయి, వాటిలో వాడే మాటలకు అసలు అర్థం ఏమిటి, చదివేటప్పుడు ముందుగా దేన్ని చూడాలి అన్నది కింద చదవండి.

ఈ లైన్ ఎవరి కోసం వేశారు

1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి ఎగుమతి చేయాలి. దాని కోసం ఆ దశాబ్దంలోనే ఈ మార్గం వేశారు. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. 58 సొరంగాలు, 80కి పైగా పెద్ద వంతెనలు, ఇవి కాక లెక్కలేనన్ని చిన్న వంతెనలు, తూములు ఉన్నాయి. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాశ్మీర్ లైన్ వచ్చేదాకా దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దీన్నే అత్యంత ఎత్తైనదిగా చెప్పుకునేవారు. తర్వాత అరకు, ఆపైన గోరాపూర్, దార్లిపుట్, పాడువా. అక్కడితో ఒడిశా మొదలైపోతుంది.

ప్రయాణికుల కోసం వేసిన లైన్ కాదిది. ఖనిజం కోసం వేసింది, ప్రయాణికులు తర్వాత ఎక్కారు. 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ తగిలించాక పర్యాటకులు కూడా పెరిగారు. అయినా లైన్ మీద మొదటి హక్కు సరుకుదేనన్న సంగతి, పనులు మొదలై గంటలు పంచుకోవాల్సి వచ్చినప్పుడు బాగా తెలుస్తుంది.

రెండు గంటల పనికి నాలుగు గంటలు ఎందుకు

మైదానంలో వంతెన బాగుచేయాలంటే క్రేన్ రోడ్డు మీద వస్తుంది, సామాను లారీలో వస్తుంది. బొర్రా–చిమిడిపల్లి మధ్య అలా కుదరదు. చాలా వంతెనలకు రోడ్డు దారే ఉండదు. ఒక పక్క సొరంగం, ఇంకో పక్క మలుపు, కింద లోయ. గర్డర్ రావాలన్నా, మనుషులు రావాలన్నా పట్టాల మీదే రావాలి. అంటే పనికి వచ్చే బండే దారిని ఆపేస్తుంది.

ఆ బండి దగ్గరి స్టేషన్ నుంచి బయల్దేరి పని చోటికి చేరాలి. ఈ లైన్ విద్యుదీకరించినది కాబట్టి పైన వైర్లో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ఆపి, ఎర్త్ చేసి, ఆపినట్టు కాగితం చేతికొచ్చాకే ఎవరైనా పైకి ఎక్కాలి. రైల్వే భాషలో దీన్ని పవర్ బ్లాక్ అంటారు. లైన్ మీద బండ్లు ఆపడం ట్రాఫిక్ బ్లాక్. పని అయ్యాక ఇదంతా మళ్లీ వెనక్కి జరగాలి. అందుకే నాలుగు గంటల బ్లాక్ తీసుకుంటే అసలు పనికి చిక్కేది చాలా తక్కువ. కొండల్లో చీకట్లో ఎత్తు మీద పని ప్రమాదం గనక వీలైనంత వరకు పగలే చేస్తారు. మన ప్యాసింజర్ నడిచేది కూడా పగలే. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

పని అయిపోయినా వేళలు వెంటనే దారికి రావు. కొత్త గర్డర్ మీద, కొత్తగా సర్దిన పట్టాల మీద మొదట్లో బండిని మెల్లగా నడిపిస్తారు. పట్టాలు కుదురుకునే కొద్దీ వేగం మెట్టుమెట్టుగా పెంచుతారు. ఎక్కడ ఎంత వేగంతో పోవాలో డ్రైవర్‌కు ముందే రాసిచ్చే కాగితం పేరు కాషన్ ఆర్డర్. "పని అయిపోయిందిగా, ఇంకా ఎందుకు లేటు" అని అరకు ప్లాట్‌ఫాంపై వినిపించే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

సింగిల్ లైన్ కావడం ఇంకో చిక్కు. ఎదురుబండి స్టేషన్లో ఆగితేనే ఈ బండి కదలాలి. నాలుగు గంటలు లైన్ మూసేస్తే అటు ఖాళీ సరుకు బండ్లు, ఇటు లోడు బండ్లు వరసగా ఆగిపోతాయి. తెరిచాక వాటన్నిటినీ వదలాలి. ఆ వరసలో ప్యాసింజర్ ఎన్నోదో కంట్రోల్ రూమ్ తేలుస్తుంది. కొత్తవలస–కోరాపుట్ మధ్య 189 కిలోమీటర్ల రెండో లైన్‌కు 2015-16లో అనుమతి వచ్చింది, కొన్ని ముక్కలు పూర్తయ్యాయి కూడా. కొండ భాగం పూర్తిగా జంట లైన్ అయితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఈలోపు మాత్రం ఆ పనుల వల్లే బ్లాకులు పెరుగుతాయి.

ప్రకటనలో మాటలు

రద్దు అంటే అందరికీ తెలుసు. మిగతా మాటల దగ్గరే పొరపాట్లు జరుగుతాయి.

షార్ట్ టెర్మినేషన్ అంటే బండి చివరిదాకా పోకుండా మధ్యలో ఒక స్టేషన్లో ఆగిపోతుంది. దాని జోడీ షార్ట్ ఆరిజినేషన్: తిరుగు బండి ఆ మధ్య స్టేషన్ నుంచే మొదలవుతుంది. రీషెడ్యూల్ అంటే మొదటి స్టేషన్లోనే ఆలస్యంగా బయల్దేరుతుంది. రెగ్యులేట్ అంటే మామూలు వేళకే బయల్దేరి దారిలో ఎక్కడో ఆపుతారు. ఈ చివరి రెంటికీ తేడా ఉంది. రీషెడ్యూల్ అయితే ఇంట్లో ఇంకో గంట ఉండొచ్చు. రెగ్యులేట్ అయితే బండి ఎక్కడ ఆపుతారో చూడాలి. అరకుకు ముందే ఆపితే మీరు స్టేషన్లో ఎదురుచూస్తారు, అరకు దాటాక ఆపితే బండిలో కూర్చుని ఎదురుచూస్తారు. టిఫిను, నీళ్లు తెచ్చుకోవాల్సింది అప్పుడే.

డైవర్షన్, అంటే దారి మళ్లింపు, ఎక్స్‌ప్రెస్‌ల విషయంలో కనిపిస్తుంది. కోరాపుట్ నుంచి రాయగడ, విజయనగరం మీదుగా విశాఖకు ఇంకో రైలు దారి ఉంది. బండిని అటు తిప్పితే విశాఖలో ఎక్కినవాళ్లు కోరాపుట్ చేరతారు, జగదల్‌పూర్ చేరతారు. అరకు మాత్రం ఆ దారిలో ఉండదు. ప్రకటనలో "రైలు నడుస్తుంది" అనే ఉంటుంది. అరకు వాళ్లకు అది రద్దుతో సమానం.

అరకుకు ఇటా, అటా

కాబట్టి డుంబ్రిగుడ వాళ్లు తేదీ కంటే ముందు చూడాల్సింది పని జరిగే చోటు. బ్లాక్ అరకుకు దిగువనా, ఎగువనా అన్న ఒక్క సంగతితో కథ మొత్తం మారిపోతుంది.

పని గోరాపూర్, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్డు వైపు ఉంటే బండిని అరకులో ఆపి అక్కడి నుంచే వెనక్కి పంపే వీలుంది. విశాఖ ప్రయాణం బాగానే ఉంటుంది. విస్టాడోమ్‌లో వచ్చిన పర్యాటకుడికి అసలు తేడాయే తెలియదు. నష్టపోయేది కోరాపుట్, జైపూర్ వైపు పోయేవాళ్లు, ఆ సరిహద్దు ఊళ్లలో పెళ్లిళ్లు, బంధుత్వాలు ఉన్నవాళ్లు. వాళ్ల గురించి పేపర్లో పెద్దగా రాదు.

పని బొర్రా, చిమిడిపల్లి, త్యాడ వైపు ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు అరకు మొత్తంగా తెగిపోతుంది. బండి ఎస్.కోటలోనో బొడ్డవరలోనో ఆగిపోతే అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డే దిక్కు. వానాకాలంలో బండలు జారిపడి లైన్ దెబ్బతినేది కూడా ఎక్కువగా ఈ భాగంలోనే. దీనికి ముందస్తు ప్రకటన ఉండదు. పని వేరు, ప్రమాదం వేరు. మొదటిదానికి తేదీలు ఉంటాయి. రెండోదానికి "తదుపరి ప్రకటన వరకు" అని ఉంటుంది.

ఎత్తే వంతెనలు ఉన్న చోట ఏం చేస్తారు

ఒకే వంతెన, ఇద్దరు వాడకందార్లు, మధ్యలో మరమ్మతు. ఇది మన కొండలకే వచ్చిన సమస్య కాదు. పడవలు పోవడానికి పైకి ఎత్తే లేదా తెరిచే వంతెనలున్న చోట ఇది రోజూ ఉండే తగాదా. పైన బండ్లు పోతుంటే కింద పడవ ఆగాలి, పడవ పోతుంటే పైన బండ్లు ఆగాలి. మామూలు రోజుల్లో ఎవరికి ఏ గంట అన్నది రాసి ఉంటుంది. మరమ్మతు వస్తే ఆ రాసుకున్నది కొన్నాళ్లు మారుతుంది.

తెలుగునాట అలాంటి పెద్ద వంతెనలు ఎవరూ ఎరగరు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పడవలకు దారి ఇచ్చింది లాకులు. ఎండాకాలంలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేసే పద్ధతి అక్కడ ఉంది కాబట్టి, పడవల కాలంలో "కాలువ కట్టేశారు" అంటే సరుకు ఇక ఎద్దుబండి ఎక్కినట్టే.

మనవాళ్లు ఎక్కువగా చూసిన ఎత్తే వంతెన రామేశ్వరం దారిలోని పంబన్. 1914 ఫిబ్రవరి 24న మొదలైన పాత రైలు వంతెన పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. మధ్యలో ఓడల కోసం తెరుచుకునే రెండు రెక్కలను మనుషులు చేత్తో తిప్పి ఎత్తేవారు. 1964 డిసెంబర్ తుపానులో వంతెన చాలా భాగం కొట్టుకుపోతే, ఇ. శ్రీధరన్ బృందం 46 రోజుల్లో నిలబెట్టింది. ఉప్పుగాలికి తుప్పు పట్టి బలహీనపడటంతో 2022 డిసెంబర్ చివరలో దాని మీద రైళ్లు పూర్తిగా ఆపేశారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమయ్యేదాకా, అంటే రెండేళ్లకు పైగా, రామేశ్వరం బండ్లు రామనాథపురం, మండపం దగ్గరే ఆగాయి. ఇక్కడి నుంచి యాత్రకు పోయినవాళ్లు అక్కడ దిగి బస్సెక్కారు. పక్కనే 1988లో కట్టిన రోడ్డు వంతెన ఉంది కాబట్టి యాత్ర ఆగలేదు. కొత్త వంతెనలో 72.5 మీటర్ల భాగం లిఫ్టులా నిట్టనిలువుగా 17 మీటర్లు లేస్తుంది. పాతదాన్ని తెరవడానికి అరగంటకు పైగా పట్టే చోట ఇది కొన్ని నిమిషాల పని.

లండన్ టవర్ బ్రిడ్జిది ఇంకో పద్ధతి. 1894 నుంచి ఉన్న ఆ వంతెనను ఎత్తించాలంటే ఓడవాళ్లు 24 గంటల ముందు చెప్పాలి, డబ్బు కట్టక్కర్లేదు, నదిలో పోయేవాళ్లకే మొదటి హక్కు. 2016లో చివరి మూడు నెలలు మరమ్మతులకని రోడ్డు మూసేశారు, కార్లు చుట్టూ తిరిగి పోయాయి.

అమెరికాలో ఈ వ్యవహారం తీర ప్రాంత రక్షణ దళం చేతిలో ఉంటుంది. అక్కడ వంతెన తెరిచే వేళలంటే స్టేషన్ బోర్డు మీద రాసే టైంటేబుల్ కాదు, చట్టపరమైన నిబంధన. మరమ్మతు కోసం కొన్నాళ్లు మార్చుకోవాలంటే వంతెన యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తాత్కాలిక సడలింపు 180 రోజులు దాటకూడదు. దాటేట్టయితే నిబంధననే మార్చాలి, దానికి జనాన్ని అడగాలి. ఆ ప్రకటనలు చదివితే ఒక పద్ధతి కనిపిస్తుంది. మామూలు వేళ ఏమిటి, మారిన వేళ ఏమిటి, కారణం ఏమిటి, తెరవకుండానే కింద నుంచి పట్టే చిన్న పడవలు పోవచ్చా, అత్యవసరమైతే తెరుస్తారా, చివరగా ఇంకో దారి ఉందా లేదా. "ఇంకో దారి లేదు" అని కూడా రాస్తారు. పడవవాడికి అది తెలియడం ముఖ్యం.

మన రైల్వే ప్రకటనలో బండి నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఎక్కడ ఆగుతుందో ఉంటుంది. ఇంకో దారి సంగతి సాధారణంగా ఉండదు. బండి ఎస్.కోటలో ఆగితే అక్కడి నుంచి కొండ మీదికి ఆ వేళకు బస్సు ఉందా? ఆర్టీసీకి ముందే చెప్పారా? రైల్వే వేరు, ఆర్టీసీ వేరు అన్నది నిజమే. ప్రయాణికుడికి మాత్రం రెండూ ఒకే ప్రయాణం. ప్రకటన చివర ఒక్క వాక్యం చేర్చడానికి ఖర్చేమీ ఉండదు, ఐటీడీఏ అయినా అడగదగ్గ సంగతి ఇది.

రైలు లేని రోజు

అరకు నుంచి విశాఖకు అనంతగిరి ఘాట్, ఎస్.కోట మీదుగా రోడ్డు దూరం సుమారు 115 కిలోమీటర్లు. డుంబ్రిగుడ వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. అరకు–పాడేరు రోడ్డు మీదే మండల కేంద్రం ఉంది కాబట్టి హుకుంపేట మీదుగా పాడేరు పోయి, అక్కడి నుంచి ఘాట్ దిగి చోడవరం మీదుగా విశాఖ చేరొచ్చు. అనంతగిరి వైపు బండలు పడ్డ రోజున చాలామందికి గుర్తొచ్చేది ఈ దారే. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి పనుల వల్ల రోడ్డు మీద కూడా వంతెనలు, తూముల దగ్గర మళ్లింపులు ఉండొచ్చు. ఆస్పత్రి ప్రయాణమైతే ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ప్యాసింజర్ ఛార్జీకీ బస్సు ఛార్జీకీ ఉన్న తేడా కుటుంబంతో పోయేవాళ్లకు చిన్నదేమీ కాదు. రైలు రద్దయిన వారం రోజులూ ఆ తేడాను కట్టేది వాళ్లే.

బండి సంగతి తెలుసుకోవడానికి 139 నంబరుకు ఫోన్ చేయొచ్చు. స్మార్ట్‌ఫోన్ ఉంటే ఎన్‌టీఈఎస్ యాప్‌లో రద్దయిన బండ్లు, మధ్యలో ఆగే బండ్లు, దారి మళ్లించినవి విడివిడిగా కనిపిస్తాయి. చూసేటప్పుడు "రద్దు" జాబితాలో బండి లేదని ఊరుకోవద్దు, మిగతా జాబితాలు కూడా తిప్పాలి. సిగ్నల్ లేని ఊళ్లలో ఉన్నవాళ్లు ముందు రోజు అరకు వచ్చిపోయే ఆటోవాళ్లను అడగడమే నేటికీ నడుస్తున్న పద్ధతి.

ఇక డబ్బు. బండి రద్దయితే రిజర్వేషన్ టికెట్‌కు పూర్తి డబ్బు వాపసు వస్తుంది. ఆన్‌లైన్‌లో తీసుకున్నదైతే ఏమీ చేయకుండానే ఖాతాలో పడుతుంది. కౌంటర్లో తీసుకున్నదైతే బండి బయల్దేరాల్సిన వేళ నుంచి మూడు రోజుల్లోపు కౌంటర్‌కు వెళ్లి ఇవ్వాలి. రద్దు కాకుండా మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే అప్పుడు కూడా పూర్తి డబ్బు అడగొచ్చు, కాకపోతే బండి కదిలేలోపే అడగాలి. మీరు దిగాల్సిన చోటికి బండి పోదని ముందే తెలిస్తే ఎక్కి మధ్యలో దిగడం కంటే ఎక్కకుండా టికెట్ తిరిగి ఇవ్వడమే మేలు. మధ్యలో దిగాక వాపసు అడగడం కుదరదని కాదు, తిరుగుడు ఎక్కువ.

ప్రకటన ఇకపై ఎక్కడి నుంచి

చాలాకాలం పాటు ఈ లైన్ ప్రకటనలు వాల్తేరు డివిజన్ పేరుతో విశాఖ నుంచే వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా చేసింది. ఒక భాగం విశాఖపట్నం డివిజన్‌గా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లోకి, రెండో భాగం రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేలోకి. కొత్తవలస–బచేలి మార్గం ఈ రెండో భాగంలో ఉంది. అంటే ఆ నిర్ణయం ప్రకారం అరకు స్టేషన్ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా దాని పెద్ద ఆఫీసు ఒడిశాలో ఉంటుంది. అరకును విశాఖ డివిజన్‌లోనే ఉంచాలన్న డిమాండ్ అప్పటి నుంచీ వినిపిస్తోంది. జోన్ల రాజకీయం సంగతి ఎలా ఉన్నా, బ్లాక్ గంటలు తేల్చే ఆఫీసు మారితే తెలుగు పేపర్లకు సమాచారం ఏ వేళకు, ఏ భాషలో చేరుతుందన్నది డుంబ్రిగుడ ప్రయాణికుడికి నేరుగా తగిలే ప్రశ్న. ఫిర్యాదు పెట్టేవాళ్లు కూడా ఏ డివిజన్‌కు పెడుతున్నామో ఒకసారి చూసుకుని పెట్టాలి.

రైల్వే లెక్కలో వంతెనలను వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఇంకోసారి తనిఖీ చేస్తారు. రెండో తనిఖీలో బయటపడ్డ లోపాలకు పనులు మొదలయ్యేసరికి చలికాలం వస్తుంది. కొండ మీద కాఫీ పండ్లు కోసే రోజులు, పర్యాటకులు ఎక్కువగా వచ్చే రోజులు కూడా అవే. నవంబర్ నుంచి జనవరి దాకా విశాఖలో ఆస్పత్రి తేదీ, పరీక్ష తేదీ ఉన్నవాళ్లు వారం ముందు ఒకసారి, ముందు రోజు రాత్రి ఇంకోసారి బండి సంగతి కనుక్కోవాలి.